చివరి పేజీలో ఇరవై ఏడుగురు

హైదరాబాద్,
5 ఆగస్టు 2012

యోబు మామకు మరియ నమస్కారాలు.

అమ్మతో వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. నీకు ఫోన్ ఇస్తే ఆ చెవికీ ఈ చెవికీ మార్చి చివరికి "మంచిది బిడ్డా" అని పెట్టేస్తావు. ఏది మంచిదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే నీకు మాత్రం ఉత్తరం.

మా యూనివర్సిటీలో ఫైనాన్స్ సెంటర్ ఉందని చెప్పాను కదా. ఎంబీఏలో నూట ఇరవై మందిమి ఉంటే పరీక్ష పెట్టి ఇరవై మందిని తీసుకున్నారు. అందులో నేనున్నాను. జనం దాచుకున్న డబ్బు ఏ కంపెనీలో పెడితే పెరుగుతుందో చూసి చెప్పే ఉద్యోగాలుంటాయి, వాటికి మమ్మల్ని తయారు చేస్తారు. అద్దాల హాలు. గోడ పొడవునా కంపెనీల ధరలు ఎర్రగా, పచ్చగా పరుగెత్తుతుంటాయి. పాత విద్యార్థులు కొంత సొమ్ము ఇచ్చారు, దానితో మేమే షేర్లు కొని అమ్మి నేర్చుకోవాలి. శుక్రవారం కోటు వేసుకుని రావాలి. లేనివాళ్ళకు బీరువాలో నాలుగు కోట్లు ఉంచారు. నాకు దొరికినదాని చేతులు వేళ్ళదాకా వస్తాయి.

ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి వీడియో తీస్తారు. జవాబు చెప్పే ముందు నేను ప్రతిసారీ తల వంచుతున్నానట. అదే ముక్క పదకొండుసార్లు తిప్పి అందరికీ చూపించారు. నవ్వారు. నేనూ నవ్వాను గానీ గదికొచ్చాక ఏడ్చాను. లిఫ్టు పైకి వెళ్ళేలోపు ఒక కంపెనీ గురించి చెప్పి ఎదుటివాడు కొనేలా చేయాలట. నాకు ఇంగ్లిషు మాట దొరికేలోపు లిఫ్టు దిగిపోతోంది.

ఇందులో నెగ్గితేనే మంచి ఉద్యోగం. నెగ్గకపోతే కామారెడ్డిలో ఏ చిట్‌ఫండ్ ఆఫీసులోనో రసీదులు రాయాలి. అమ్మకు ఇవేవీ చెప్పకు.

నీ మేనకోడలు,
మరియ


ఎల్లారెడ్డి,
19 ఆగస్టు 2012

చిరంజీవి మరియను మామ దీవించి రాసేది.

ప్రభువు దయ వల్ల ఇక్కడ అందరం పడుతూ లేస్తూ బాగానే ఉన్నాం. నా ఎడమ చెవి పూర్తిగా సెలవు తీసుకుంది. కుడి చెవి ఇంకా డ్యూటీలో ఉంది, కానీ సర్కారు నౌకరు లెక్క, పిలిస్తే పలకదు.

తల వంచడం నీకు నేర్పింది నేనే. ముప్పై ఏళ్ళుగా తహసీలు ఆఫీసు గేటు దగ్గర బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెడుతున్నవాణ్ణి, తల వంచక ఏం చేస్తాను? వాళ్ళు నీకు ఆ అలవాటు మాన్పిస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. కోటు సంగతి కూడా దిగులు పడకు. మీ నాన్న, మా లింగం బావ, తన పెళ్ళికి వేసుకున్న కోటు కూడా అరువుదే, ఆ చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. పాపం ఫోటోలో మనిషి చేతులు వెనక్కి దాచుకునే నిలబడ్డాడు.

మీ అమ్మ ఎకరంలో ఈసారీ విత్తనాల మక్కజొన్నే వేసింది. తెల్లవారకముందే వెళ్ళి ఆడ సాళ్ళలోని మగపూత పీకి వస్తుంది. మోచేతులనిండా ఆకు కోతలు. గుట్ట కింది తండాలో అందరూ అదే పంట. కంపెనీ విత్తనం ఇస్తుంది, పండించి తిరిగి కంపెనీకే ఇవ్వాలి. ఈ పంట వచ్చాకే రామ్‌సింగ్, మేఘి చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోవడం మానారు. మూడేళ్ళుగా దసరా తర్వాత కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కానీ పోయిన పంటలో సగం మంది విత్తనం మొలక పరీక్షలో ఫెయిల్ అయిందని మామూలు మక్కల ధర కట్టారు. మీ అమ్మదీ అంతే. ఆ డబ్బు కూడా ఇంకా రాలేదు.

బాగా తిను. ఏడుపొస్తే ఏడ్చెయ్, తర్వాత మొహం కడుక్కో.

ఇట్లు,
నీ మామ యోబు


హైదరాబాద్,
25 నవంబరు 2012

మామకు,

అర్జెంటుగా రాస్తున్నాను, తిట్టకు. మా సెంటర్‌లో పెద్ద పోటీ. ఒక్కొక్కరం ఒక్కో కంపెనీని ఎంచుకుని రిపోర్ట్ రాయాలి. ఫిబ్రవరిలో పెట్టుబడి సంస్థల పెద్దలు ఐదుగురు వస్తారు. మొదటి స్థానం వచ్చినవాళ్ళకు ముంబైలో ఉద్యోగం ఖాయం. మిగతా వాళ్ళంతా సిమెంటు, బ్యాంకు, మందుల కంపెనీలు తీసుకున్నారు. వాళ్ళ నాన్నలకూ బాబాయిలకూ లోపల తెలిసినవాళ్ళున్నారు. నాకెవరున్నారు? ఆలోచించి మన విత్తనాల కంపెనీనే తీసుకున్నాను. దాని షేర్లు బజారులో ఉన్నాయి. దాని గురించి నాకు తెలిసినంత ఈ హాలులో ఎవరికీ తెలియదు.

మూడేళ్ళలో ఎవరెవరి విత్తనం ఏ ఏడు ఫెయిల్ అయింది, డబ్బు ఎన్ని నెలలకు వచ్చింది, ఈ వివరాలు కావాలి. అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపించకపోతే మా డైరెక్టర్ గారు కాగితం తిప్పి కొడతారు. నీ మాట అయితే తండాలో అందరూ వింటారు. నిజం బయటపెడితే ఆ ఐదుగురూ చదివి కంపెనీ విషయంలో నిర్ణయం తీసుకుంటారు. క్రిస్మస్‌లోపు పంపు మామా. నా బతుకు దీనిమీదే ఉంది.

మరియ


ఎల్లారెడ్డి,
16 డిసెంబరు 2012

బిడ్డా మరియా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళలో నేను రాసిన అర్జీలు ఎల్లారెడ్డి దాటి నిజామాబాద్ కలెక్టరు ఆఫీసుదాకా పోయాయి, అంతే. నువ్వు ఏకంగా కంపెనీకి డబ్బు ఇచ్చే పెద్దల ముందు పెడుతున్నావు. నాకు తట్టనేలేదు చూడు. ఇన్నాళ్ళూ మేం కుండను పట్టుకుని కొట్లాడుతున్నాం, నువ్వు నీళ్ళు పోసేవాడినే అడుగుతానంటున్నావు.

మూడు ఆదివారాలు ప్రార్థన కాగానే సైకిలు మీద తండాకు పోయాను. నాకు వినపడాలని వాళ్ళు అరుస్తుంటే పక్క పొలాలవాళ్ళు పంచాయితీ అనుకుని వచ్చారు. వచ్చినవాళ్ళూ చెప్పుకున్నారు. మొత్తం ఇరవై ఏడు మంది. పేరు, తండ్రి పేరో భర్త పేరో, సర్వే నంబరు, ఏ ఏడు పాసు, ఏ ఏడు ఫెయిలు, డబ్బు వచ్చిన తేదీ, అన్నీ వరుసగా రాసి, పక్కన సంతకమో వేలిముద్రో పెట్టించాను. పేరులేని గోడును ఏ ఆఫీసరూ పట్టించుకోడు. మొదటి వేలిముద్ర మీ అమ్మది.

కొందరు భయపడ్డారు. కంపెనీకి తెలిస్తే వచ్చే ఏడు విత్తనం ఇవ్వరేమో అన్నారు. మేఘి ముందుకొచ్చి కూర్చుంది. "యోబన్నా, ఎండబెట్టి, ఏరి, పిల్లల్ని సూసుకున్నట్టు సూసుకొని ఇచ్చినం. ఫెయిలంటరు. ఎట్ల ఫెయిలైందో సూపియ్యమంటే సూపియ్యరు. నీ కోడలు మా పిల్లనే గద, ఆమె అడుగుతది" అని వేలు సిరాలో పెట్టింది. తర్వాత అందరూ పెట్టారు.

ఒక విచిత్రం గమనించాను. బజారులో విత్తనానికి గిరాకీ ఉన్న ఏడాది ఇరవై ఏడు మందిలో ఇద్దరే ఫెయిలు. గిరాకీ లేని ఏడాది పదిహేను మంది. అదే భూమి, అవే చేతులు. నీకు పనికొస్తుందని విడిగా రాశాను.

వాళ్ళ నమ్మకం నీ చేతుల్లో పెడుతున్నాను.

ఇట్లు,
యోబు


హైదరాబాద్,
6 జనవరి 2013

మామకు,

నీ కవరు అందింది. నువ్వు విడిగా రాసిన ఆ గిరాకీ ముక్క చూసి మా డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళకు కూడా కనపడనిది నీకు కనపడిందన్నారు. నన్నే అన్నట్టు విన్నాను గానీ ఆ మెప్పు నీకు చెందాలి.

అవును మామా, చాలా పెద్దవాళ్ళే చదువుతారు. ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పలేను. ఇక్కడి పద్ధతులు వేరు. 'పాపం' లాంటి మాటలు రిపోర్ట్‌లో ఉండకూడదు, ఎవరిమీదా జాలి కనపడకూడదు. అంకెలు మాత్రమే మాట్లాడాలి. రోజూ అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను. తల వంచడం లేదు.

తండావాళ్ళకు నా నమస్కారాలు చెప్పు.

మరియ


ఎల్లారెడ్డి,
24 ఫిబ్రవరి 2013

చి. మరియకు,

పోటీ అయిపోయి ఉండాలి. ఏం తేల్చారు? అంగడి రోజున తండావాళ్ళు నా బల్ల చుట్టూ నిలబడుతున్నారు. నేను రాసిన ఏ అర్జీ గురించీ ఇంత ఆశగా అడగలేదు. మొన్న రామ్‌సింగ్ ఒక బుట్ట రేగుపళ్ళు తెచ్చి, నీకు పంపమన్నాడు. బస్సులో పంపితే కుళ్ళిపోతాయని మీ అమ్మా నేనూ తిన్నాం. తప్పయితే క్షమించు.

పాత డబ్బు ఉగాదికైనా వస్తుందా అని మీ అమ్మ అడుగుతోంది. రెండు ముక్కలు రాయి.

మామ


హైదరాబాద్,
17 మార్చి 2013

ప్రియమైన మామకు,

మొదటి బహుమతి నాదే! ముంబైలో ఉద్యోగం. జూన్ ఒకటిన చేరాలి. అమ్మకు ఫోన్‌లో చెబితే ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నా పేరు చదవగానే సిమెంటు కంపెనీ రాసిన అబ్బాయి చేయి కలిపి, "నీకు మంచి మూలాలున్నాయి" అన్నాడు. మొదటిసారి నాకంటే వాళ్ళకు తక్కువ ఉందనిపించింది. ఈ మాట గర్వంగా ఉంటే గర్వమే అనుకో.

నా రిపోర్ట్‌ను సెంటర్‌లో వచ్చే ఏటి విద్యార్థులకు పాఠంగా పెడతారట. తండావాళ్ళ విషయం తీరిగ్గా రాస్తాను. ఇలాంటివి వెంటనే జరగవు మామా.

నీ కోడలు మరియ


ఎల్లారెడ్డి,
16 జూన్ 2013

మరియకు,

నీ ఉద్యోగం వార్తకు మీ అమ్మ సంఘంలో అందరికీ లడ్లు పంచింది. ఆ సంతోషంలో తండా సంగతి నిన్ను మళ్ళీ అడగలేదు. తీరిగ్గా రాస్తానన్నావు కదా అని ఎదురుచూశాను. ఇక నువ్వు రాయక్కర్లేదు, నాకు తెలిసింది.

మృగశిర వచ్చి వారం దాటింది. ప్రతి ఏటా ఈపాటికి కంపెనీ మనిషి విత్తనం తెచ్చేవాడు. ఈసారి మన ఇరవై ఏడు మందికి తప్ప అందరికీ ఇచ్చాడు. నేనూ రామ్‌సింగూ కామారెడ్డి పోయి, కంపెనీకీ రైతులకూ మధ్య ఉండే ఆర్గనైజరు సిద్దిరాములును కలిశాం. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నా చెవి సంగతి తెలుసు కనుక కాగితం మీద రాసి నా ముందుకు తోశాడు. "వీళ్ళంతా కంపెనీ మీద కాగితం పెట్టినవాళ్ళు. వీళ్ళకు విత్తనం ఇవ్వొద్దని పైనుంచి ఆర్డరు." తర్వాత సొరుగులోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. మీ ఐదుగురు పెద్దల్లో ఒకాయన కంపెనీ దగ్గరికి పంపాడట. అట్టమీద నీ పేరు. చివరి పేజీల్లో నా చేతిరాత, వాళ్ళ వేలిముద్రలు, ఉన్నదున్నట్టు అచ్చు.

అట్టమీది పేరు చూపించి ఇంకో ముక్క రాశాడు. "ఈ పిల్ల మీ చెల్లె బిడ్డనే గదా?" ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రామ్‌సింగ్‌కు చదవడం రాదు. "ఏమంటుండన్నా?" అని అడిగాడు. "నేను పంపిన కాయితమే కంపెనీకి దొరికిందట, తప్పు నాదే" అన్నాను. బస్సులో ఎల్లారెడ్డిదాకా అతను నా పక్క సీటులోనే కూర్చున్నాడు. కిటికీలోంచి బయటికే చూశాడు.

ఇంగ్లిషు నాకు రాదు కదా, జూనియర్ కాలేజీ లెక్చరర్ మార్కండేయ సారు చేత చదివించుకున్నాను. మనవాళ్ళ గోడు అంతా ఉంది. ఒక్క అబద్ధం లేదు. అమ్ముడుపోని ఏడాది విత్తనాన్ని ఫెయిల్ చేసి, నష్టాన్ని రైతుల మీదికి నెట్టగలుగుతుంది కాబట్టి ఈ కంపెనీకి ముప్పు తక్కువ అని రాశావట. రైతులకు వేరే దారి లేదు కాబట్టి ఇది ఇలాగే సాగుతుందని కూడా రాశావట. కింద పెద్ద అక్షరాలతో 'కొనండి' అని ఉంది. మార్కండేయ సారు రెండుసార్లు చదివి, "చాలా తెలివైన పిల్ల" అన్నాడు. ఆయన మాట నాకు బాగా వినపడింది.

నేను అర్జీ అనుకున్నాను. అది నా తెలివితక్కువతనం. నీకు ముందే తెలుసా?

యోబు


ముంబై,
7 జూలై 2013

మామా,

తెలుసు. డిసెంబరులో నీ కవరు విప్పగానే నువ్వు అర్జీ అనుకున్నావని తెలిసింది. సరిచేస్తూ ఒక ఉత్తరం రాశాను కూడా. అది పోస్టు చేస్తే నువ్వు కాగితాలు వెనక్కి అడుగుతావని చించేశాను. నీ దగ్గర దాచి ఏం లాభం?

మోసం చేయాలనుకోలేదు. పేర్లు తీసేద్దామని ఒక రాత్రంతా కూర్చున్నాను. మూలం చూపని అంకెకు విలువ లేదని ఏడాదిగా మా చెవుల్లో పోశారు. పేర్లు తీసేస్తే నా దగ్గర మిగిలేది ఒక పల్లెటూరి పిల్ల ఊహ. పేర్లు ఉంటే అది రుజువు. ఆ కాగితం కంపెనీకి చేరుతుందని నాకు నిజంగా తట్టలేదు. తట్టాల్సింది. ఆ సెంటర్‌లో ఏడాదంతా నేర్పింది ఎవరి చేతిలో ఏ సమాచారం పడితే ఏమవుతుందో ఊహించడమే.

'కొనండి' అని కాక 'ఇది అన్యాయం' అని రాయాలని నాకూ ఉండింది. అలా రాస్తే వినడానికి ఆ హాలులో ఎవరూ లేరు. వాళ్ళు అడిగేది ఒక్కటే, కొనాలా అమ్మాలా? కంపెనీ చెడ్డదా అని అడగరు. ఆ అద్దాల గదిలో నా తల నిలబెట్టడానికి నాకు దొరికింది మీరంతా ఇచ్చిన ఆ కాగితమే. దాన్ని తొక్కి పైకెక్కాను. నువ్వు ఈ మాట అనలేదు గానీ అనుకుంటావు, అందుకే నేనే అంటున్నాను.

ఇక్కడ నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు. అన్నం సహించడం లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. తండాకు పోయి అందరి ముందూ తప్పు నాదని చెబుతాను. నా కోసం నువ్వు మాట పడొద్దు. మేఘి కాళ్ళు పట్టుకుంటాను. అమ్మకు నేనే చెబుతాను.

మరియ


ఎల్లారెడ్డి,
28 జూలై 2013

మరియకు,

రావద్దు.

కోపంతో అనడం లేదు. కోపం ఉంది, అది వేరే సంగతి, దాన్ని నేను చూసుకుంటాను. కారణం చెబుతాను, శ్రద్ధగా చదువు.

ఈ వానకాలం పంట ఎటూ పోయింది. సిద్దిరాములు కాస్త జాలి గుండె మనిషి. పైవాళ్ళతో మాట్లాడి ఒక దారి తెచ్చాడు. ఒక్కొక్కరూ విడివిడిగా కంపెనీకి కాగితం రాసిస్తే యాసంగికి విత్తనం ఇస్తారట. లేకపోతే దసరా కాగానే తండాకు చెరుకు లారీ వస్తుంది. మేఘి మళ్ళీ ఇంటికి తాళం వేయాలి. కాగితంలో ఏం ఉండాలో కంపెనీవాళ్ళే చెప్పారు. "నేను ఏ ఫిర్యాదూ చేయలేదు. యోబు అనే వ్యక్తి నాకు చెప్పకుండా వేలిముద్ర తీసుకున్నాడు. అతనితో నాకు ఏ సంబంధమూ లేదు. కంపెనీ నాకు ఎన్నడూ అన్యాయం చేయలేదు."

ఎల్లారెడ్డిలో అర్జీ రాసేవాళ్ళు ఇంకెవరున్నారు? నా దగ్గరికే వచ్చారు. ముందు మేఘి వచ్చింది. బల్ల ముందు కూర్చుంది. తర్వాత నా కుడి చెవి దగ్గరికి వంగి, "యోబన్నా, నువ్వే రాయాలె. వేరేటోడు రాస్తే తప్పు పోతది" అంది. రాశాను. యోబు అనే వ్యక్తితో నాకు ఏ సంబంధమూ లేదని నా చేతులతోనే రాశాను. డబ్బులు ఇవ్వబోయింది, తీసుకోలేదు. ఇప్పటికి ఇరవై ఆరు రాశాను. అన్నీ ఒకే తీరుగా, తప్పులు లేకుండా రాశాను. నువ్వు వచ్చి తండాలో నిజం చెబితే అది కంపెనీకి చేరి ఆ ఇరవై ఆరూ అబద్ధాలవుతాయి. వాళ్ళ విత్తనం పోతుంది. అందుకే రావద్దంటున్నాను.

ఇక మిగిలింది మీ అమ్మది ఒక్కటే. దానికి మాత్రం మాటలు వేరే పంపారు. "ఆ పుస్తకం రాసిన మరియ అనే ఆమె నా కూతురైనా, ఆమెతో నాకు రాకపోకలు లేవు, ఇకముందు ఉండవు, ఆమెను నా గడప తొక్కనివ్వను." ఇలా ఉండాలట. మీ అమ్మకు ఇంకా ఏమీ తెలియదు. అందరితోపాటు విత్తనం కాగితమే అనుకుంటోంది. ఇంట్లో నీ ఫోటోకు చట్రం కట్టించి గోడకు పెట్టింది.

రాసిందంతా మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించనిదే నేను ఎవరి వేలూ సిరాలో పెట్టించను. రేపు పొద్దున మీ అమ్మను బల్ల దగ్గరికి రమ్మన్నాను. చదివి వినిపించాలి.

యోబు